ఒకే తొట్టిలో ఎరువూ, చేపల మేతా: మారతహళ్లి బాల్కనీ కేసు

బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. తూర్పు బాల్కనీ తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లాడు, మామ్మగారు, మొత్తం నలుగురు. హాల్లో 36×15×15 అంగుళాల అక్వేరియం ఉంది. అంచు దాకా నింపితే 132 లీటర్లు, ఇసుకా కొయ్యా పోను 120 లీటర్ల నీళ్లు. అందులో ఏంజెల్ చేపలు ఆరు, కోరీలు నాలుగు, పెర్ల్ గౌరామీలు రెండు. పక్కన ఒక చిన్న గప్పీ తొట్టి.

వాళ్లకు కావలసినవి రెండు. వంటింటి తడి చెత్త వీలైనంత ఇంట్లోనే ఎరువు కావాలి. వారం వారం దుకాణంలో ట్యూబిఫెక్స్ (చేపల మేతగా అమ్మే సన్నని ఎర్ర పురుగులు) కొనడం మానేయాలి. ట్యూబిఫెక్స్ మురుగు కాల్వల బురదలో పెరుగుతుంది. ఎంత కడిగినా దాని పొట్టలో ఉన్నది చేప పొట్టలోకే పోతుంది కాబట్టి మానాలనుకోవడం సబబే. రెండు పనులకూ కలిపి మార్చి మొదట్లో 45 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి పెట్టారు. నర్సరీ నుంచి కిలో వానపాములు తెచ్చి పేడలో వదిలారు. ఐదు వారాలు తిరిగేసరికి మూడు ఫిర్యాదులు: పాములు మూతకెక్కి కూర్చుంటున్నాయి, చేపలు పాముల్ని ఉమ్మేస్తున్నాయి, మేత వేసిన మర్నాడు అక్వేరియం నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడుతున్నాయి.

మూడూ ఒకే జబ్బు లక్షణాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కాదు. మూడింటికీ వేరు వేరు కారణాలున్నాయి.

కిలో అంటే ఎంత

ముందు తేల్చాల్సింది తొట్టిలో అసలు పాములెన్ని అన్నది. నర్సరీలో కిలో అని ఇచ్చే సంచిలో పాములతో పాటు ఎరువూ ఉంటుంది. టబ్బులోది పాత పేపరు మీద కుప్పపోసి, పైన లైటు పెట్టి, పది నిమిషాలకోసారి పైపొర తీస్తూ పోతే పాములన్నీ అడుగున ముద్దగా చేరతాయి. అలా తీసి వంటింటి త్రాసులో తూస్తే 310 గ్రాములు. రోజూ వేస్తున్నది మాత్రం కిలో పాముల లెక్కన అరకిలో చెత్త.

వానపాము రోజుకు తన బరువులో సగం తింటుందన్న లెక్క కుదురుకున్న తొట్టికి సరిపోతుంది. కొత్త తొట్టిలో మొదటి రెండు వారాలు పాముల బరువులో పావు వంతుకు మించకూడదు. ఎందుకంటే పాము పచ్చి తొక్కను కొరికి తినదు, దానికి పళ్లు లేవు. తొక్క మీద పెరిగే బాక్టీరియానీ, బూజునీ, మెత్తబడ్డ గుజ్జునీ పీలుస్తుంది. ఆ సూక్ష్మజీవుల దండు తయారయ్యేదాకా మనం వేసేదంతా కుళ్లే చెత్తే. 310 గ్రాముల పాములకు మొదట్లో 75–80 గ్రాములు చాలు. అంటే ఒక అరటి తొక్క, గుప్పెడు బీరకాయ చెక్కు. ఇక్కడ ఆరు రెట్లు పడింది.

మూత మీదికి ఎందుకెక్కాయి

మేత ఎక్కువవడం సగం కారణమే. మిగతా సగం ఇడ్లీ పిండి. ఏప్రిల్ ఎండకు పులిసిపోయిన పిండి దాదాపు 300 మిల్లీలీటర్లు, దాంతో పాటు రాత్రి మిగిలిన అన్నం, మామ్మగారు టబ్బులో ఒక మూలన గుమ్మరించారు. "పారబొయ్యడం దేనికమ్మాయ్, అవైనా తింటాయి కదా" అని. మజ్జిగలో కలిపి ఆవుకు పెట్టే అలవాటున్న చేయి మరి.

అక్వేరియంలో వాడే థర్మామీటరే తెచ్చి ఆ మూలన గుచ్చితే 38 డిగ్రీలు. టబ్బు రెండో కొసన 28. బియ్యం పిండీ మినప్పిండీ కలిసినప్పుడు ఈస్టుకూ లాక్టిక్ బాక్టీరియాకూ పండగే. అవి వేడి పుట్టిస్తాయి, ఆమ్లం పుట్టిస్తాయి, ఉన్న ఆక్సిజన్ తినేస్తాయి. పాము చర్మంతో ఊపిరి పీల్చే జీవి. అది బతికే తడి పరుపులో గాలి పోయిందంటే దానికి మిగిలిన దారి పైకే. మూతకు అంటుకున్నవి బతికినవి. పిండి చుట్టూ మిగిలిన వాటిలో కొన్నింటి ఒంటి మీద పూసల దండలా వరసగా ఉబ్బులు కనిపించాయి. పిండి, పప్పు, పెరుగు లాంటివి ఎక్కువై లోపలే పులిసినప్పుడు పాము ఇలా అవుతుంది. ఆ దశకు వచ్చింది ఇక కోలుకోదు, తీసి పారేయాలి. చేపలకు మాత్రం వేయొద్దు.

చికిత్స ఇది. పులిసిన ముద్దనూ దాని చుట్టూ నాలుగంగుళాల పరుపునూ గరిటెతో ఎత్తి బయటపడేశారు. మిగతా పరుపును చేత్తో గుల్లచేసి, పొడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు దోసిళ్లు, మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకు రెండు గుప్పిళ్లు కలిపారు. మూత తీసేసి పైన లైటు వేసి ఉంచారు. వెలుతురు గిట్టదు కనుక పాములు పైకి రావు, గాలి మాత్రం ఆడుతుంది. తొమ్మిది రోజులు మేత బంద్. నాలుగో రోజుకే పులుపు వాసన పోయింది.

ఒక హెచ్చరిక. పులుపు అనగానే ఇంట్లో తాంబూలపు సున్నం తెచ్చి కలపబోయారు. తడి సున్నం పాము చర్మాన్ని కాల్చేస్తుంది. పెంకు పొడి నెమ్మదిగా కరుగుతుంది, మోతాదు ఎక్కువైనా ప్రమాదం లేదు.

ఉమ్మేసిన చేప

ఈ కేసులో నిజంగా ఆలోచించాల్సింది ఇదే. పెద్ద ఏంజెల్ ముందు రెండు సెంటీమీటర్ల ముక్క వేస్తే చప్పున లాక్కుంది. మొప్పలు రెండుసార్లు టపటపలాడించి ఉమ్మేసింది. ముక్క అడుగుకు దిగేలోపు మళ్లీ అందుకుంది, మళ్లీ ఉమ్మేసింది. మూడోసారి దగ్గరికొచ్చి చూసి వెనక్కి తిరిగింది. మిగతా ఐదూ దాన్ని చూసి నేర్చుకున్నట్టు ముక్క వైపే రాలేదు. కోరీలు మాత్రం కాసేపు కెలికాయి.

పాము మీద ఎరుపూ లేత పసుపూ వలయాలు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. తోక కొస పసుపు. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. వేళ్ల మధ్య కొంచెం ఒత్తితే పసుపు రంగు ద్రవం కారి ఘాటుగా వాసనొస్తుంది. ఇది ఐసీనియా ఫెటిడా. పేరులోని రెండో మాటకు లాటిన్‌లో అర్థం కంపుకొట్టేది అనే. బెదిరినా నలిగినా వీపు మీది సన్నని రంధ్రాల్లోంచి ఆ ద్రవాన్ని వదులుతుంది. అందులో లైసెనిన్ అనే ప్రోటీన్ ఉంది. వెన్నెముక ఉన్న జీవుల కణాల పొరకు చిల్లులు పెట్టే గుణం దానిది. ఆకలి మీదున్న ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి మొరటు చేపలు పట్టించుకోకుండా మింగొచ్చు. ఏంజెల్ లాంటి నాజూకు నోరు ఉమ్మేస్తుంది. మరిగే నీళ్లలో నిమిషం ముంచి, కడిగి వేస్తే వాసన తగ్గుతుంది. ఇక్కడ అలా వేసినవి ఆరింటిలో మూడు చేపలు తిన్నాయి. కానీ వారానికి రెండుసార్లు స్టవ్ మీద పాములు ఉడకబెట్టే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

ఎరువుకు దీనికి మించింది లేదు. కిక్కిరిసి బతుకుతుంది, 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, బెంగళూరు వాతావరణం దాదాపు దానికోసమే అన్నట్టుంటుంది. చేప మేతకు మాత్రం మరో జాతి కావాలి. మన దగ్గర దొరికేవి రెండు. ఒకటి యూడ్రిలస్ యూజీనియే: ఆఫ్రికా జాతి, పెన్సిల్ లావు, 12 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, తల వైపు వంగపండు రంగు మెరుపు, వలయాలు ఉండవు. రెండోది పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్: మన దేశపుదే, సన్నగా ఉంటుంది, వీపు నీలంగా నిగనిగలాడుతుంది, ముట్టుకుంటే చింది గెంతుతుంది. రెండింటికీ ఆ పసుపు కంపు లేదు. పెరియోనిక్స్ వాన మబ్బు పట్టిందంటే గుంపుగా పారిపోయే రకం, ఫ్లాట్లో పెంచడం తలనొప్పి. అందుకే యూడ్రిలస్. దీనికి 25–30 డిగ్రీలు ఇష్టం, చలి పడదు. చెన్నైలో అయితే ఎరువుకు కూడా ఇదే నయం. అక్కడి మే నెలలో ఐసీనియాను కాపాడటం కష్టం.

కొనేటప్పుడు జాతి పేరు చెబితే నర్సరీల్లో చాలామందికి తెలియదు. కన్నడలో ఎరెహుళు అని అడిగి, చేతిలో పోయించుకుని వలయాలున్నాయా లేవా చూసుకోవడమే దారి. కలగాపులగంగా ఉంటే వద్దు. రెండు జాతులూ ఒకే తొట్టిలో ఉంటే చివరికి ఒకటే మిగలొచ్చు, మిగిలేది మనకు కావలసినదే అన్న భరోసా లేదు.

నీళ్లు తెల్లబడటం

దీనికి జాతితో పనిలేదు. పేడ టబ్బులోంచి తీసిన పామును కుళాయి కింద కడిగి నేరుగా వేశారు. పాము పొట్ట నిండా పేడే. ఏంజెల్స్ వదిలేసిన ముక్కలు కొయ్య వెనక్కి జారి అక్కడే కుళ్లాయి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము. సున్నా ఉండాల్సిన చోట ఇది ప్రమాదమే.

లెక్క వేస్తే భయం ఎందుకో తెలుస్తుంది. పాము ఒంట్లో 80–85 శాతం నీరు. 20 గ్రాముల పాముల్లో పొడి పదార్థం మూడు గ్రాముల చిల్లర. అందులో 60 శాతానికి పైగా ప్రోటీన్, అంటే రెండు గ్రాములు. ప్రోటీన్‌లో ఆరో వంతు దాకా నత్రజని. 20 గ్రాములూ ఎవరూ తినకుండా కుళ్లితే 120 లీటర్లలో లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల నత్రజని కలుస్తుంది. ఫిల్టరు దాన్ని ఒక్కరోజులో అందుకోలేదు. బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటే ఇంకా కష్టం. 7 పీహెచ్‌లో అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే, 8లో 26 డిగ్రీల దగ్గర ఐదారు శాతం. టెస్ట్ కిట్ అంకె రెండు చోట్లా ఒకటే చూపించినా చేపకు ఒకటి కాదు.

40 శాతం నీళ్లు మార్చి, కొయ్య కింద గొట్టంతో లాగేస్తే మూడో రోజుకు అమ్మోనియా కనిపించలేదు.

రెండు తొట్లు

మే మొదటి వారంలో పాత టబ్బు తీసేసి రెండు వేరు వేరు ఏర్పాట్లు చేశారు.

ఎరువు వైపు: టమాటా క్రేటు కొలతల్లో, చుట్టూ మూసి ఉన్న ప్లాస్టిక్ క్రేట్లు మూడు, 54×36 సెంటీమీటర్లవి. అడుగుది కుళాయి బిగించిన ఖాళీ క్రేటు, ఊట కోసం. పైరెండింటి అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రాలు అంగుళంన్నరకొకటి. పక్కల్లో పైఅంచుకు రెండంగుళాల కింద గాలి రంధ్రాలు, వాటికి లోపలి నుంచి దోమతెర అతికించారు. ఈ విస్తీర్ణంలో చదరపు మీటరుకు ఐదు కిలోల లెక్కన కిలో ఐసీనియాకు చోటుంది. అంతకుమించి పెరగదు, పెంచాలని చూడనక్కర్లేదు.

పరుపుకు కోకోపీట్ ఇటుక ఒకటి (650 గ్రాములు, నానితే ఎనిమిది తొమ్మిది లీటర్లవుతుంది), చించిన అట్టపెట్టెలు అంతే పరిమాణం, మూడు వారాలు ఆరి చల్లబడిన పేడ రెండు కిలోలు. పచ్చి పేడ వేస్తే వేడెక్కి అమ్మోనియా వస్తుంది. పశువుకు నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో పాలవాణ్ని అడగాలి, వేసిన రెండు మూడు వారాల పేడ వద్దు. కోకోపీట్‌ను కడగడం చాలామంది మరిచిపోతారు. కొబ్బరి పీచును ఉప్పునీటిలో నానబెట్టే చోట్ల పొట్టులో ఆ ఉప్పు ఉండిపోతుంది. అక్వేరియం పెట్టినవాళ్ల దగ్గర టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఉండనే ఉంటుంది, పిండిన నీళ్లలో ముంచి చూడొచ్చు. ఇక్కడ కుళాయి నీళ్లు 380, మొదటిసారి పిండిన నీళ్లు 1,900, మూడో కడుగుకు 520. అక్కడ ఆపారు.

తడి ఎంత ఉండాలంటే, గుప్పిట పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ, చేయి పొడిగా ఉంటే తక్కువ. పైన తడిపిన గోనెపట్టా.

చేప మేత వైపు: 40×30 సెంటీమీటర్ల అడుగు, పది అంగుళాల లోతు ఉన్న మూత డబ్బా. యూడ్రిలస్ కొంచెం లోతు కోరుతుంది. తూచి 250 గ్రాములు. ఇందులో పేడ లేదు, కడిగిన కోకోపీట్, రంగు అచ్చు లేని అట్ట, నానిన ఎండుటాకులు మాత్రమే. మేతగా ఉడికిన గుమ్మడి, సొర చెక్కు, నానిన ఓట్స్. అరటి తొక్కను ఉప్పునీళ్లలో కాదు, మంచినీళ్లలో బాగా రుద్ది కడిగి వేయాలి. పాము తిన్నది చేప తింటుంది, చేప తొట్టికి వాడే జాగ్రత్తే ఈ డబ్బాకూ. కాఫీ తుక్కు, ఉల్లి తొక్కలు అటు ఎరువు క్రేటుకు.

డబ్బా వచ్చిన నాలుగో రాత్రి ముంగారు వాన పడింది. తెల్లారి బాల్కనీ గచ్చు మీద పదిహేడు పాములు. కొత్త చోటు, పైగా గాలిలో చెమ్మ, యూడ్రిలస్ నడక మొదలెడుతుంది. మొదటి రెండు వారాలూ, ఆ తర్వాత పెద్ద వాన రాత్రులూ మూత సగం తీసి పైన జీరో బల్బు వేస్తే ఒక్కటీ దాటదు. మూత గట్టిగా బిగించడం పరిష్కారం కాదు, గాలి తగ్గితే ఇంకా తోసుకొస్తాయి.

స్టాండు కాళ్లకు చీమలు పట్టాయి. నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో పెట్టి, నీటి మీద ఒక చుక్క నూనె వేస్తే చాలు, దోమలూ గుడ్లు పెట్టవు. చీమల చాక్‌పీసు గీయబోతే ఆపాల్సి వచ్చింది. అందులో పైరిత్రాయిడ్ జాతి మందు ఉంటుంది. అది పాములకే కాదు, చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. చాక్‌పీసు పట్టిన చేయి పాముల్ని ఏరి, ఆ చేయే అక్వేరియంలో పెడితే ఇక చెప్పేదేముంది.

ఏది వేయాలి, ఏది వద్దు

తెలుగు వంటింటికి ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని. ఆవకాయ ఊటా ముక్కలూ ఉప్పూ నూనే, ఒక్క చెంచా కూడా వద్దు. చింతపండు పిప్పి కడిగి పిండి వారానికి గుప్పెడు సరే. పచ్చిమిర్చి తొడిమలు, నిమ్మ డొప్పలు ఎక్కువైతే ఆ పక్కకే పాములు పోవు. కరివేపాకు రెబ్బల ఈనెలు నెలలు ఉంటాయి, హాని లేదు. ఫిల్టర్ కాఫీ తుక్కు మొత్తం మేతలో ఐదో వంతు దాటకుండా. వండిన అన్నం, పప్పు, పెరుగు, పిండి ససేమిరా.

చెక్కులను అంగుళం ముక్కలు కోసి ఒక రోజు ఫ్రీజర్లో పెట్టి తీస్తే రెండు లాభాలు: పండు ఈగల గుడ్లు చస్తాయి, కణాలు పగిలి మెత్తబడతాయి. క్రేటులో ఒకే చోట గుంట తీసి పెట్టి, మీద రెండు గుప్పిళ్లు అట్ట తురుమో ఎండాకో కప్పాలి. రేపు పక్క గుంట. మొదటి గుంట తవ్వి చూసినప్పుడు గింజలూ ఈనెలూ తప్ప ఏమీ లేకపోతేనే అక్కడ మళ్లీ వేయాలి. ఈ ఒక్క పరీక్ష తూకం లెక్కలన్నింటి కంటే నమ్మదగింది.

క్రేట్లు 310 గ్రాముల పాములతో మొదలై, రోజుకు 80 గ్రాముల నుంచి నాలుగో నెలకు 420 గ్రాములకు వచ్చాయి. ఇంట్లో తడి చెత్త రోజుకు 800 గ్రాముల దాకా ఉంది, మిగతాది కంబాలోకి, అంటే చెత్తను ఎరువు చేసే మట్టి కుండల్లోకి. అంతా పాములకే పెట్టాలన్న పట్టుదల వద్దని వాళ్లకు మొదటే చెప్పాం.

ఆగస్టులో క్రేటు మూలన గోధుమరంగు గొంగళ్లలాంటి పురుగులు వందల్లో వచ్చాయి, బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. ఇవి పాముల్ని తినవు, కానీ పచ్చి మేత ఎక్కువగా ఉందనీ, తడి ఎక్కువైందనీ చెబుతున్నాయి. ఏరి అక్వేరియంలో వేయాలని పిల్లాడి ఉత్సాహం. చిన్నవి ఏంజెల్స్ తింటాయి, పెద్దవాటి చర్మం గట్టి. మేత వారం తగ్గిస్తే పోయాయి. అదే నెలలో కనిపించిన మరొకటి మాత్రం ఏరి పారేయాల్సిందే: తల గొడ్డలి ఆకారంలో విచ్చుకుని, ఒంటి మీద నల్ల చారలున్న జిగట, చదునైన పాము. అది వానపాముల్ని పట్టి కరిగించి తింటుంది. చేత్తో తాకకుండా కాగితంతో తీసి ఉప్పులో వేయాలి. నరికితే ముక్కలు మళ్లీ పెరుగుతాయి. చేపలకు వేయకూడదు. కుండీల మట్టితో పాటు వచ్చి ఉంటుంది.

పాము నుంచి చేప దాకా

మొదటి పది వారాలు డబ్బాలోంచి ఒక్క పామునూ తీయలేదు. జూలై మధ్యలో తూస్తే 440 గ్రాములు. అక్కడి నుంచి వారానికి 16 గ్రాములు, మంగళవారం ఎనిమిది, శనివారం ఎనిమిది. ఆరు ఏంజెల్స్‌కూ రెండు గౌరామీలకూ ఇది చాలు, మిగతా రోజుల్లో మామూలు గుళికలు. పాము బలమైన మేతే కానీ రోజూ అదే పెడితే ఏంజెల్స్‌కు పొట్ట ఉబ్బి మలం తెల్లగా వస్తుంది.

ఏరేటప్పుడు చేయి సహజంగా లావు పాముల మీదికి పోతుంది. అదే తప్పు. ముందు వైపు ఉబ్బిన పట్టీ ఉన్నది గుడ్లు పెట్టే పాము. వాటిని తీస్తే రెండు నెలల్లో డబ్బా ఖాళీ. నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్లది, పట్టీ రానిది తీయాలి. చేప నోటికీ అదే సరిపోతుంది.

తీసిన పాముల్ని తడిపి పిండిన టిష్యూ కాగితం పరిచిన చిన్న డబ్బాలో, మూతకు రంధ్రాలతో, చీకట్లో 24 గంటలు ఉంచాలి. పన్నెండు గంటల దగ్గర కాగితం మార్చాలి. మారిస్తే కనిపిస్తుంది, మొదటి కాగితం నిండా నల్లని గుళికలు, రెండోదాని మీద కాగితపు నారే మలంగా లేత రంగులో. పాము పొట్టలో నల్లగా ఉన్న గీత పోయి ఒళ్లు గులాబీ రంగులో కాంతి వెళ్లేలా అవుతుంది. అప్పుడు అక్వేరియం నీళ్లతోనే రెండుసార్లు కడిగి, ఏంజెల్‌కు సెంటీమీటరు ముక్కలు, గౌరామీకి అందులో సగం. కత్తెర వంటింటిది వద్దు, వేరేది పెట్టండి.

ముక్కలు ఒక్కసారే పోయొద్దు. రెండేసి వేస్తూ, మూడు నిమిషాల్లో ఆగాలి. పది నిమిషాల తర్వాత అడుగున ఏదైనా మిగిలితే గొట్టంతో లాగేయాలి. పూర్తి పాము వేస్తే ఇసుకలోకి దూరి రెండు రోజులకు చచ్చి మళ్లీ అమ్మోనియా కథ మొదలవుతుంది. యూడ్రిలస్ మొదటి ముక్కను పెద్ద ఏంజెల్ అందుకుని, మొప్ప ఒకసారి ఆడించి, మింగింది. రెండో ముక్క కోసం అద్దం దగ్గరికొచ్చింది.

కోరీలకూ గప్పీ పిల్లలకూ యూడ్రిలస్ ముక్క పెద్దదే. వాటికి గ్రిండల్ పురుగులు, సెంటీమీటరు పొడవుండే తెల్లని దారాల్లాంటివి. లీటరు ఐస్‌క్రీం డబ్బాలో మూడు సెంటీమీటర్ల కోకోపీట్, మరిగే నీళ్లు పోసి చల్లార్చినది. పైన చిటికెడు ఓట్స్ పొడి తడిపి, దాని మీద ప్లాస్టిక్ మూత ముక్క బోర్లిస్తే, పురుగులన్నీ ఆ ముక్కకు అంటుకుంటాయి. దాన్ని కప్పు నీళ్లలో జాడించి డ్రాపరుతో వేయడమే. 20–27 డిగ్రీల్లో బాగుంటాయి, బెంగళూరులో ఫ్రిజ్ అక్కర్లేదు. వీటి అన్నల్లాంటి వైట్ వార్మ్స్‌కు 20 లోపు చలి కావాలి, ఫ్రిజ్‌లో ఒక అర వాటికిచ్చే ఇల్లు ఎక్కడా చూడలేదు.

అక్వేరియంలోంచి తీసిన నీళ్లు రెండు తొట్ల పరుపు తడపడానికి బాగా పనికొస్తాయి, క్లోరిన్ ఉండదు, కాస్త ఎరువూ ఉంటుంది. అక్టోబరులో చేపలకు తెల్లమచ్చలొచ్చి ఉప్పు కలిపినప్పుడు ఆ నీళ్లు ఆపేశారు. లీటరుకు రెండు గ్రాముల ఉప్పు చేపకు మందు, పాముకు ప్రాణాంతకం. రాగి కలిసిన మందులు వాడినా అంతే. మందు అయ్యాక రెండు మార్పుల నీళ్లు సింకులోకే పోవాలి.

క్రేటు అడుగున కుళాయిలో వచ్చేది వర్మీవాష్ (వానపాముల ద్రవ ఎరువు) అని చాలామంది సీసాల్లో పట్టుకుంటారు. అది చెత్త ఊట. పది రెట్లు నీళ్లు కలిపి పూల కుండీలకు పోయొచ్చు, ఆకుకూరల మీద చల్లొద్దు. సరిగ్గా నడుస్తున్న క్రేటు నుంచి వారానికి పావు లీటరు కూడా రాదు, వస్తుంటే తడి ఎక్కువని అర్థం. సెప్టెంబరు మొదట్లో పై క్రేటుకు మాత్రమే మేత వేస్తూ పోతే మూడు వారాల్లో పాములు పైకి మారాయి. కింది క్రేటులోది 3 మిల్లీమీటర్ల జల్లెడలో పడితే 11 కిలోల ఎరువు వచ్చింది. జల్లెడ పైన మిగిలిన దాంట్లో నిమ్మకాయ ఆకారంలో చిన్న గోధుమరంగు గుడ్ల తిత్తులు చాలా ఉంటాయి, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు మూడు నాలుగు వారాల్లో వస్తాయి. దాన్ని తిరిగి పై క్రేటులో పోయాలి.

సంక్రాంతికి పన్నెండు రోజులు

జనవరిలో ఊరెళ్లే ముందు అడిగారు: పన్నెండు రోజుల మేత ఒకేసారి వేసి వెళ్లొచ్చా? వేయకూడదు, ఆ కుప్ప వేడెక్కుతుంది. ఐసీనియా క్రేటులో తొక్క తీయని గుమ్మడి బద్ద కిలోది కోసిన వైపు కిందికి పెట్టి, తడి అట్ట రెండంగుళాలు కప్పారు. కోసిన వైపు నుంచే నెమ్మదిగా కుళ్లుతుంది కనుక మేత విడతల వారీగా అందుతుంది. యూడ్రిలస్ డబ్బాను రాత్రి చలికి బాల్కనీలోంచి హాల్లోకి మార్చి, అందులో 200 గ్రాముల ముక్క పెట్టారు. గ్రిండల్ డబ్బాలు రెండూ ఓట్స్ చిటికెడుతో వదిలేశారు. చేపలకు పక్కింటివాళ్లు రోజు విడిచి రోజు గుళికలు వేశారు, పాముల జోలికి పోవద్దని చెప్పి మరీ.

తిరిగొచ్చేసరికి గుమ్మడి తొక్క గిన్నెలా మిగిలింది, లోపల పాముల ముద్ద. యూడ్రిలస్ 460 గ్రాములు. గ్రిండల్ డబ్బాల్లో ఒకదాని నిండా మైట్లనే అతి చిన్న పురుగులు, తెల్ల పిండి చల్లినట్టు. దాన్ని మరిగే నీళ్లతో కడిగి, రెండో డబ్బాలోంచి మూత ముక్కకు అంటుకున్నవి మాత్రమే, నీళ్లలో మూడుసార్లు జాడించి తేలే మైట్లను ఒంపేసి, కొత్త కోకోపీట్‌లో వేశారు. పదహారు రోజులకు మళ్లీ గప్పీ పిల్లలకు తీయడం మొదలైంది.